పట్నం వచ్చాక మొదటి మోడర్న్ ఆర్ట్ ఎగ్జిబిషన్: ఎక్కడికి వెళ్ళాలి, ఎట్లా చూడాలి

మాది చీమకుర్తి పక్కన చిన్న ఊరు. మా మావయ్య గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి చూసే పని చేస్తాడు. రాయి చూడటమంటే, క్వారీ నుంచి వచ్చిన బ్లాకు మీద బకెట్‌తో నీళ్ళు కొట్టి, అది ఆరేదాకా పక్కనే నిలబడి చూడటం. తడిసినప్పుడు రాయంతా ఒకటే నలుపు. ఆరేకొద్దీ పైన బూడిదరంగుకి తిరుగుతుంది, ఎక్కడన్నా వెంట్రుకవాసి పగులుంటే మాత్రం అందులో నీళ్ళు నిలిచి అక్కడొక నల్లగీత మిగిలిపోతుంది. ఆ గీత కోసమే ఆయన అంతసేపు నిలబడతాడు. తొందరపడి కోతకి పంపితే పలకలన్నీ ముక్కలై చేతికొస్తాయి.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఉద్యోగానికి మద్రాసు వచ్చిన కొత్తల్లో (మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ మద్రాసే అంటారు, నాకూ అదే అలవాటు) నేను మొదటిసారి ఒక ఆర్ట్ గ్యాలరీలోకి వెళ్ళి ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాను. లోపల ఏసీ చల్లదనం, తెల్లగోడలు, ఎవరూ మాట్లాడటం లేదు. డెస్క్ దగ్గర కూర్చున్న మనిషి తలెత్తి నన్నొకసారి కిందనుంచి పైదాకా చూసి మళ్ళీ ల్యాప్‌టాప్‌లో తలదూర్చాడు. ఎదురుగా గోడమీద మంచమంత నీలం కాన్వాస్, దాని పక్కన చీటీలో ‘అన్‌టైటిల్డ్’ అని ఒక్క మాట. నాకేమీ అర్థం కాలేదు, అర్థం కాలేదని పక్కవాళ్ళకి తెలిసిపోతుందేమోనని దానిమీద ఇంకా టెన్షన్. ఆ తర్వాత దాదాపు ఏడాది అటువైపు పోలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మావయ్య పక్కన నిలబడి రాయి ఆరటం చూస్తుంటే తట్టింది, ఆ నీలం బొమ్మకి నేను అరనిమిషం కూడా ఇవ్వలేదని.

ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో, కావలి, పొదిలి, కనిగిరి, ఆత్మకూరు వైపు నుంచో చదువుకో ఉద్యోగానికో చెన్నై వచ్చి, ఇట్లాంటి చోటికి వెళ్ళాలని ఉన్నా గుమ్మం దగ్గరే ఆగిపోతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్, బెంగళూరులో ఉన్నవాళ్ళకి కూడా కొంత ఉంది.

ముందు అసలు సంగతి: బొమ్మలు ఇట్లా ఎందుకు మారాయి

ఇది తెలుసుకోకుండా వెళ్తే ‘చూసింది చూసినట్టు వెయ్యడం రాక ఇట్లా వేశారా’ అనే అనుమానం వెంటాడుతూనే ఉంటుంది. 1839లో ఫ్రాన్స్‌లో ఫొటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించారు. అంతకుముందు దొరగారి మొహం అచ్చంగా దించాలంటే చిత్రకారుడే దిక్కు. ఆ పని మెల్లమెల్లగా కెమెరా చేతికి పోయింది. మరో రెండేళ్ళకి, 1841లో, రంగుని తగరపు ట్యూబులో నింపే పద్ధతికి పేటెంట్ వచ్చింది, దాంతో రంగులు జేబులో వేసుకుని పొలాల్లోకీ వీధుల్లోకీ పోయి వెయ్యడం తేలికైంది. అచ్చంగా దించే బాధ్యత తగ్గేసరికి చిత్రకారులు వేరే ప్రశ్నలు వేసుకున్నారు. వెలుగు గంటగంటకీ మారితే దాన్ని ఎట్లా పట్టాలి? ఒక మనిషిని ముందునుంచీ పక్కనుంచీ ఒకేసారి చూపించగలమా? మనిషీ చెట్టూ ఏమీ లేకుండా రంగు ఒక్కటే మన మనసుని కదిలించగలదా? పికాసో, బ్రాక్ కలిసి 1907 తర్వాత మొదలుపెట్టిన క్యూబిజం రెండో ప్రశ్నలోంచి పుట్టింది. కాండిన్‌స్కీ లాంటివాళ్ళ నైరూప్య చిత్రాలు మూడో ప్రశ్నలోంచి.

మన దేశంలో 1947లో బొంబాయిలో సూజా, రజా, హుస్సేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. మద్రాసుకి దాని సొంత దారి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మోడర్న్, కాంటెంపరరీ అనే రెండు మాటలు వినపడతాయి. సుమారుగా పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి 1960ల దాకా వచ్చింది మోడర్న్, ఆ తర్వాతది, ఇప్పుడు బతికున్నవాళ్ళు చేసేది కాంటెంపరరీ. మాటల్లో అందరూ రెండూ కలిపేస్తారు, మీరు కూడా దానిగురించి కంగారుపడొద్దు.

మొదటి అడుగు: టికెట్ లేని, గుమ్మం లేని బొమ్మతో మొదలుపెట్టండి

నేనైతే ఎవరినైనా ముందు మెరీనాకి తీసుకెళ్తాను. బీచ్ ఉత్తరపు వైపు కాంస్యంలో పోసిన ‘శ్రమ విజయం’ శిల్పం ఉంది, చెన్నైలో లేబర్ స్టాచ్యూ అంటే ఆటోవాళ్ళెవరైనా చెప్తారు. పెద్ద బండరాయిని నలుగురు కూలీలు కదిలిస్తుంటారు. చేసినాయన దేవీప్రసాద్ రాయ్ చౌదరి, అక్కడ పెట్టింది 1959లో. ఆయన మద్రాసు ఆర్ట్ స్కూలుకి ప్రిన్సిపాల్‌గా చేసిన మొదటి భారతీయుడు.

దీని చుట్టూ తిరగండి. ముందు నుంచి చూసి ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మీరు మాత్రం వెనక్కి వెళ్ళండి, వీపు కండరాలు ఎక్కడ బిగిశాయో, పాదం నేలమీద ఎక్కడ బలం తీసుకుంటుందో చూడండి. మా ఊళ్ళో క్రేన్లు రాకముందు పనిచేసిన పెద్దాయన ఒకాయన్ని ఇక్కడికి తీసుకొస్తే, మొహాల వైపు చూడనేలేదు, నేరుగా పాదాలు చూసి, "వెనకున్నోడిదే అసలు బరువమ్మా" అన్నాడు. నాకు అప్పటిదాకా అందరూ సమానంగా తోస్తున్నట్టే కనపడింది. శిల్పం ముందు మీకు తెలిసిన పని ఏదో దానితోనే చూడొచ్చు. టైలరింగ్ తెలిసినవాళ్ళు బట్ట మడత చూస్తారు, రొయ్యల చెరువు మీద పెరిగినవాళ్ళు నీళ్ళ రంగు చూస్తారు. ఊరునుంచి తెచ్చుకున్న ఆ చూపుని పట్నంలో పక్కన పెట్టెయ్యకండి, గ్యాలరీలో మీకు దానికంటే పెద్ద సాయం లేదు.

రెండో అడుగు: ఏ చోటు ఎంచుకోవాలి

చోట్లలో రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

ప్రభుత్వ మ్యూజియం అయితే టికెట్ ఉంటుంది, ఎవరూ మిమ్మల్ని పట్టించుకోరు, కావలసినంతసేపు ఉండొచ్చు. ఎగ్మోర్‌లోది 1851లో మొదలైంది. ఊరినుంచి సెంట్రల్ స్టేషన్లో దిగితే మెట్రోలో పక్క స్టేషనే. అక్కడి నేషనల్ ఆర్ట్ గ్యాలరీ, మోడర్న్ చిత్రాల గదులు మరమ్మతులకి మూసి ఉండొచ్చు కాబట్టి ఏవేవి తెరిచున్నాయో టికెట్ కౌంటర్లోనే అడగండి. శుక్రవారం సెలవు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

లలిత కళా అకాడెమీ ప్రాంతీయ కేంద్రం గ్రీమ్స్ రోడ్డులో ఉంది. టికెట్ లేదు, ప్రదర్శనలు మారుతూ ఉంటాయి, కొత్తవాళ్ళ పని ఎక్కువగా కనపడుతుంది. బాగున్నవీ ఉంటాయి, అంతగా లేనివీ ఉంటాయి, రెండూ చూస్తేనే తేడా తెలుస్తుంది.

ప్రైవేటు గ్యాలరీలు అమ్మకం కోసం పెడతాయి. అయినా చూడటానికి డబ్బులడగవు, కొనమనీ అడగవు. చాలావాటికి ఆదివారం సెలవు.

ఇక ఆర్ట్ కాలేజీ విద్యార్థుల ప్రదర్శన. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎగ్మోర్ దగ్గర ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 1850 నుంచి ఉన్నదే, ఇందాక చెప్పిన రాయ్ చౌదరి ప్రిన్సిపాల్‌గా చేసింది ఇక్కడే. విద్యార్థులు తమ బొమ్మ పక్కనే నిలబడి ఉంటారు, ఎవరైనా ఏదైనా అడుగుతారా అని ఎదురుచూస్తుంటారు. వాళ్ళలో చాలామంది మీలాగే ఏదో ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్ళే.

అన్నిటికన్నా తీరిగ్గా చూడాల్సింది చోళమండలం, చిత్రకారులే కలిసి కట్టుకున్న ఊరు. తిరువాన్మియూరు దాటాక ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలో. దీనికి ఒక రోజు పెట్టుకోండి.

ప్రదర్శన ఎప్పుడు ఎక్కడుందో తెలియాలంటే గ్యాలరీల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నాలుగైదు ఫాలో అవ్వండి, అది చాలు. వెళ్ళేముందు ఫోన్ చేసి తెరిచుందా అని ఒక్క మాట అడగండి. ఒక బొమ్మల వరస తీసి ఇంకొకటి పెట్టే రెండు మూడు రోజులు తలుపులేసి ఉంటాయి, అంతదూరం పోయి తిరిగి రావడం కష్టం.

మూడో అడుగు: వెళ్ళే రోజు

కడుపునిండా తినేసి వెళ్ళండి. నిలబడి చూడటం మామూలు పని కాదు, గంట దాటితే కాళ్ళూ నడుమూ పట్టేస్తాయి, ఆకలి కూడా తోడైతే ఏ బొమ్మా ఎక్కదు. మెత్తటి చెప్పులు. ఆఫీసుకేసుకునే బట్టలు చాలు, చుడీదారైనా జీన్సైనా ఎవరికీ పట్టదు. వీపు సంచి వేసుకుంటే ముందుకి తిప్పుకోండి, తిరిగినప్పుడు వెనకాల ఏ కాన్వాస్‌కి తగులుతుందో కనపడదు. నీళ్ళ సీసా సంచిలోనే ఉండాలి. చిన్న నోటుపుస్తకం, పెన్సిల్. పెన్ను వద్దు, చాలా మ్యూజియాల్లో బొమ్మల దగ్గర సిరా ఒప్పుకోరు.

ప్రారంభోత్సవం సాయంత్రం వెళ్ళాలా వద్దా అని అడుగుతుంటారు. మొదటిసారి వద్దు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే ఉంటారు, బొమ్మల ముందు వీపులే కనపడతాయి. మామూలు రోజు పదకొండింటికో, మధ్యాహ్నం మూడింటికో వెళ్ళండి. నాలుగైదుసార్లు అయ్యాక ప్రారంభోత్సవానికి వెళ్తే చిత్రకారుణ్ణి కలవొచ్చు.

నాలుగో అడుగు: గుమ్మం దాటడం

లోపలికి వెళ్ళగానే డెస్క్ దగ్గరున్నవాళ్ళకి నమస్కారమో గుడ్ ఆఫ్టర్‌నూనో చెప్పి, "చూడొచ్చా?" అని అడగండి. అడగాల్సిన అవసరం లేదు, కానీ ఆ ఒక్క మాటతో మీకు బెరుకు తగ్గుతుంది, వాళ్ళు కూడా మనిషిలాగా మాట్లాడతారు. ప్రదర్శన గురించిన కాగితం ఉందా అని అడగండి, ఉంటే ఇస్తారు. ఫొటోలు తీసుకోవచ్చా అని కూడా అప్పుడే. ఒప్పుకున్నా ఫ్లాష్ మాత్రం ఆపెయ్యాలి. విజిటర్స్ బుక్ ఉంటే పేరు రాయండి, తెలుగులోనే రాయండి. నేను చూసిన చాలా పుస్తకాల్లో తమిళం, ఇంగ్లీషు పేజీల మధ్య తెలుగు సంతకం కనపడితే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

ఎవరైనా చిన్నచూపు చూసినట్టనిపిస్తే ఆగిపోకండి. నేను ఆగిపోయి ఏడాది పోగొట్టుకున్నాను. ఆ మనిషి అక్కడ జీతానికి పనిచేస్తున్నాడు, బొమ్మలు చూసేవాళ్ళ కోసం పెట్టారు.

ఐదో అడుగు: రెండు చుట్లు

మొదటి చుట్టు వేగంగా. పది నిమిషాల్లో గదులన్నీ తిరిగిరండి, ఏ చీటీ చదవొద్దు, ఎక్కడా ఎక్కువసేపు ఆగొద్దు. పెళ్ళిపందిట్లోకి వెళ్ళగానే ఎవరెవరొచ్చారో ఒకసారి కలియజూస్తాం కదా, అట్లా. మిమ్మల్ని వెనక్కి తిరిగి చూసేలా చేసినవి రెండో మూడో ఉంటాయి. నచ్చినవే అవ్వాలని లేదు, చిరాకు తెప్పించింది కూడా లెక్కే. నలభై బొమ్మలుంటే నలభై చూడాలనుకోవద్దు. మూడు చూస్తే ఆ రోజు బాగా గడిచినట్టే.

రెండో చుట్టు ఆ మూడింటి దగ్గరికి. ఒక్కోదానికి పది నిమిషాలు. అవును, పది నిమిషాలు, ఫోన్లో టైమర్ పెట్టుకుని, సైలెంట్‌లో. మొదటి రెండు నిమిషాలూ ఏమీ ఉండదు. మూడో నిమిషంలో వెళ్ళిపోదామనిపిస్తుంది, నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అక్కడ ఆగాలి. రాయి ఆరటం మొదలయ్యేది అప్పుడే.

ఆ పది నిమిషాలూ ఏం చెయ్యాలంటారా? ముందు దూరంగా నిలబడండి, బొమ్మ అడ్డానికి రెండింతల దూరంలో. కన్ను మొదట ఎక్కడికి పోయింది? అక్కడినుంచి ఎటు జారింది? ఎక్కడ తిరిగొచ్చింది? తర్వాత దగ్గరికి, చేయి చాపినా అందనంత దగ్గరికి మాత్రమే. రంగు పలచగా ఉందా, ముద్దలుగా ఉందా, కుంచెతో వేశారా, తాపీలాంటి కత్తితో లాగారా, రోలరు దొర్లించారా? వాసుదేవ్ గాయ్‌తోండే అనే గొప్ప చిత్రకారుడు రోలరూ కత్తీ వాడి పొరమీద పొర వేసేవాడు, ఆయన బొమ్మల్లో రంగు లోపల్నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. తర్వాత పక్కకి వచ్చి గోడని ఆనుకున్నంత పనిచేసి ఏటవాలుగా చూడండి. ఇది మావయ్య దగ్గర నేర్చుకున్నది. పాలిష్ అయిన పలకని ఆయన ఎదురుగా చూడడు, ఒక చివరనుంచి వంగి, ట్యూబ్‌లైట్ నీడ దానిమీద వంకరపోకుండా సాగుతుందా అని చూస్తాడు. కాన్వాస్‌ని అట్లా చూస్తే రంగు ఎత్తుపల్లాలు, చెరిపేసి మళ్ళీ వేసిన చోట్లు, అడుగున దాక్కున్న పాత గీతలు బయటపడతాయి.

ఇక నోటుపుస్తకం తీసి ఆ బొమ్మని పెన్సిల్‌తో గీయండి. బాగా రావాలని గీయడం కాదు. చిత్రకారుడు ఆ ఎర్రచుక్కని సరిగ్గా మధ్యలో పెట్టకుండా వేలెడు ఎడమకి ఎందుకు జరిపాడో మీరు గీసినప్పుడే తెలుస్తుంది, మధ్యలో పెట్టి చూడండి, బొమ్మంతా కదలకుండా కూర్చుండిపోతుంది.

‘దీనర్థం ఏంటి’ అన్న ప్రశ్న

ఇది అందరికీ వస్తుంది, రావడంలో తప్పులేదు. కానీ ఇంటిముందు ముగ్గు చూసి దీనర్థం ఏంటని ఎవరమూ అడగం. ధనుర్మాసంలో పొద్దున్నే మా వీధిలో ఇరవైఒక్క చుక్కల మెలికల ముగ్గు వేస్తే, అమ్మలక్కలు నిలబడి చూసేది చుక్కలు సమంగా పడ్డాయా, గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికి వచ్చి కలిసిందా, మూల బరువెక్కిందా అని. అది అచ్చంగా నైరూప్య చిత్రాన్ని చూసే చూపు. మనకి అది ముందే వచ్చు. గ్యాలరీలో కూడా ముందు ఆ చూపుతో చూసి, అర్థం సంగతి తర్వాత అడగండి.

‘ఇట్లాంటిది మా పాప కూడా వేస్తుంది’ అనేవాళ్ళుంటారు. పిల్లల గీతలో ధైర్యం ఉంటుంది, దానికోసం పెద్ద పెద్ద చిత్రకారులే తపించారు. కానీ పాప వేసిన పది బొమ్మల్లో ఒకటి కుదురుతుంది, ఎప్పుడు ఆపాలో పాపకి తెలియదు. చిత్రకారుడికి ఆ ఆపడం తెలుసు. పక్కపక్కనే ఒకే మనిషివి ఐదారు బొమ్మలు చూస్తే ఇది అర్థమవుతుంది, ఒక్కటే చూస్తే తెలియదు.

నిజంగానే నచ్చకపోతే? నచ్చలేదని చెప్పడానికి మొహమాటం వద్దు. ఎందుకు నచ్చలేదో ఒక్క వాక్యం రాసుకోండి, అంతే. నాకూ చాలా నచ్చవు.

ఒకే బొమ్మలో రెండు కాలాలు

ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్తే మోడర్న్ గదులకంటే ముందు అమరావతి శిల్పాల గదికి వెళ్ళండి. మన పక్క జిల్లానుంచి వచ్చిన రాళ్ళు. అందులో నలగిరి అనే మదపుటేనుగుని బుద్ధుడు లొంగదీసిన కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది, క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటిది. జాగ్రత్తగా చూడండి: ఒకవైపు ఏనుగు జనాన్ని తొక్కుతూ వస్తోంది, అదే ఏనుగు ఇంకోవైపు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు. అప్పటి శిల్పికి ముందూ వెనకా కలిపి చూపించడానికి ఏ అడ్డూ లేదు, చూసే జనానికీ ఏ ఇబ్బందీ లేదు. ఇది చూసొచ్చి ఒకే మొహాన్ని రెండు వైపులనుంచి వేసిన మోడర్న్ బొమ్మ ముందు నిలబడితే అది అంత పరాయిగా అనిపించదు.

చీటీ చదవడం

బొమ్మ చూశాకే చీటీ. అందులో చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, దేనిమీద దేనితో వేశారు, కొలతలు ఉంటాయి. కొలతల్లో ఎక్కువగా ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. ‘అన్‌టైటిల్డ్’ అంటే పేరు పెట్టలేదని, మనల్ని ఒక మాటకి కట్టెయ్యకూడదని చాలామంది కావాలనే అట్లా వదిలేస్తారు. ఎచింగ్, వుడ్‌కట్, లిథోగ్రాఫ్ అని ఉంటే అది అచ్చు తీసిన బొమ్మ. అడుగున పెన్సిల్‌తో 3/25 అని ఉంటే మొత్తం ఇరవైఐదు ప్రతుల్లో ఇది మూడోది అని. జిరాక్స్ అనుకోకండి, చిత్రకారుడే రేకుమీదో చెక్కమీదో చెక్కి, లిథోగ్రాఫైతే రాతిమీద గీసి, సిరా పట్టించి ఒక్కోటి ఒత్తుతాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ ఎచింగులు ఎక్కడన్నా కనపడితే వదలొద్దు, పల్లె మనుషులూ మేకలూ వెంట్రుకంత గీతల్లో ఉంటారు. మిక్స్‌డ్ మీడియా అంటే రంగుతోపాటు గుడ్డ, కాగితం, ఇసుక, ఏదైనా కలిపారని. వీడియో అయితే ఎన్ని నిమిషాలో చీటీలో ఉంటుంది, మధ్యలో వెళ్ళితే మళ్ళీ మొదలయ్యేదాకా కూర్చోండి. ఇన్‌స్టలేషన్ అంటే గదంతా కలిపి ఒక పని, కొన్నిటిలోకి నడవొచ్చు, కొన్నిటిలోకి రానివ్వరు, కాపలా ఉన్నాయన్ని అడిగితే చెప్తాడు.

పక్కన చిన్న ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడైపోయిందని. ధర అడగడం తప్పేమీ కాదు, ప్రైస్ లిస్ట్ డెస్క్ దగ్గరే ఉంటుంది.

ముట్టుకోవద్దన్నది గట్టి నియమం. చేతికుండే నూనె, ఉప్పు రంగుమీదా లోహంమీదా ఎక్కి ఏళ్ళ తరబడి తింటాయి. గరుకుగా ఏదన్నా కనపడితే మనకి వేలు దానంతటదే పోతుంది, బట్టల కొట్లో చీర పోగు చూసినట్టు. చేతులు వెనక కట్టుకోండి.

చిత్రకారుడు ఎదురైతే

"ఇదెట్లా చేశారు?" అని అడగండి. అర్థం అడిగితే చాలామంది బిగుసుకుపోతారు, ఎట్లా చేశారని అడిగితే ఆపకుండా చెప్తారు, ఆ చెప్పడంలోనే అర్థం కూడా వచ్చేస్తుంది. ఎంతకాలం పట్టింది, ముందు ఏది వేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఇవి మంచి ప్రశ్నలు. ఇంగ్లీషు తడబడినా ఫర్వాలేదు, చెన్నైలో తెలుగు అర్థమయ్యేవాళ్ళు మీరనుకున్నదానికన్నా ఎక్కువ. విద్యార్థుల ప్రదర్శనలో ఒకబ్బాయి తన బొమ్మలో తుప్పురంగు కోసం వాళ్ళ నాన్న వెల్డింగ్ షాపులో రాలిన ఇనుపరజను నీళ్ళలో నానబెట్టి వాడానని నాకు పావుగంట చెప్పాడు, వేలితో సీసాలో రజను ఎంత ఎత్తు పోశాడో చూపించి మరీ. ఆ బొమ్మ ఏమిటో నేనడగలేదు, వెళ్ళేటప్పుడు తనే చెప్పాడు.

హైదరాబాద్, బెంగళూరు వాళ్ళకి

హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీతో మొదలుపెట్టండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో మోడర్న్ చిత్రాల గది ఉంది, గడియారం దగ్గర జనంలో పడి దాన్ని చూడకుండా వచ్చేస్తారు, అక్కడా శుక్రవారం సెలవు. బెంగళూరులో ప్యాలెస్ రోడ్డు మీద మాణిక్యవేలు భవనంలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2009 నుంచి నడుస్తోంది, సోమవారం సెలవు. జనవరిలో చిత్రకళా పరిషత్ ముందు రోడ్డంతా బొమ్మల సంత పెడతారు, చిత్రసంతె అంటారు, బెరుకున్నవాళ్ళకి అది చాలా మంచిది, మన సంతలో తిరిగినట్టే తిరగొచ్చు.

చోళమండలం, మావయ్యతో

రాయ్ చౌదరి దగ్గర చదువుకుని, ఆయన తర్వాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయిన కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో తన విద్యార్థులతో, తోటివాళ్ళతో కలిసి కట్టుకున్న ఊరు ఇది. చదువు అయ్యాక బొమ్మలమీద బతకలేక అందరూ ఏదో ఒక ఉద్యోగంలో పడిపోతుంటే, బాటిక్ (మైనం పూసి రంగు అద్దే) బట్టలు, చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బు కూడబెట్టి ఇసుకనేల కొనుక్కున్నారు. తెలుగు నేలనుంచి వెళ్ళిన ఎం. రెడ్డెప్ప నాయుడు కూడా ఆ మద్రాసు బృందంలోనివాడే. పణిక్కర్ 1963 నుంచి వేసిన ‘పదాలు, చిహ్నాలు’ వరసలో కాన్వాస్ నిండా అక్షరాల్లాంటి గీతలు, అంకెలు, జాతకచక్రం గళ్ళు ఉంటాయి. చదవబోతే ఒక్కటీ చదవలేం. మా నాయనమ్మ పెట్టెలో ఉన్న పాత జాతకం కాగితాలు చిన్నప్పుడు నేను చూసింది అట్లాగే, ఏమీ తెలియకుండా, ఏదో పెద్ద సంగతి ఉందన్న భయంతో. ఆ వరసలో బొమ్మ ముందు నిలబడితే ఆ పెట్టె కర్పూరం వాసన కూడా గుర్తొచ్చింది.

మావయ్య ఆసుపత్రి పనిమీద చెన్నై వచ్చినప్పుడు ఒకరోజు మిగిలితే అక్కడికి తీసుకెళ్ళాను. లోపలి గదుల్లో ఆయన మర్యాదగా తిరిగాడు, పెద్దగా ఏమీ మాట్లాడలేదు. పొద్దున జల్లు పడింది, మేము తోటలోకి వచ్చేసరికి ఆగింది. అక్కడ ఆరుబయట రాతి శిల్పాలు, లోహపు శిల్పాలు ఉన్నాయి. ఒక నల్లరాయి దగ్గర మావయ్య నిలబడిపోయాడు. నేను ముందే చెప్పాను కాబట్టి చేతులు వెనక కట్టుకునే ఉన్నాడు. రాయి తడిగా ఉంది, నాకు నల్లటి ముద్దలా కనపడుతోంది. "ఉండమ్మాయ్, ఆరనీ" అన్నాడు.

పది నిమిషాలు దాటి ఉంటుంది. పాలిష్ పట్టిన భాగం ముందు ఆరింది, ఉలి దెబ్బలు వదిలేసిన గరుకుభాగం ఇంకా తడిగానే ఉంది, ఆ రెండింటి మధ్య అంచు మెల్లగా తేలింది, అచ్చం వంగిన మెడలాగా. ఎండిన మీదట అది అంత స్పష్టంగా లేదు, పూర్తిగా తడిసినప్పుడూ లేదు, ఆ నాలుగు నిమిషాలే ఉంది. "ఈడ కావాలనే పాలిష్ ఆపేశాడు, చూశావా. మేమైతే మొత్తం కొట్టేస్తాం" అన్నాడు మావయ్య. ఆ తర్వాత మళ్ళీ లోపలికి పోదామని తనే అడిగాడు, ఇందాక ఊరికే దాటేసొచ్చిన బొమ్మల దగ్గర ఒక్కోదాని ముందు ఆగాడు. బయటికొచ్చేసరికి రెండున్నరైంది, ఇద్దరికీ విపరీతమైన ఆకలి, రోడ్డు దాటి కనపడిన మొదటి హోటల్లో భోజనం చేశాం.

మొన్న ఫోన్ చేసి, ఆ నల్లరాయి ఎండాకాలంలో ఎట్లుంటుందో చూడాలి, మేలో వస్తానన్నాడు. మీలో ఎవరైనా ఆ నెలలో వెళ్ళేట్టయితే తెరవగానే వెళ్ళండి, పదకొండు దాటితే ఆ ఇసుకనేలమీద ఎండకి నిలబడలేం. టోపీ, నీళ్ళు తప్పనిసరి.